సినిమా పీఆర్వో ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, చేరమంటారా?

మేఘన_తెనాలి

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం పీజీ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక వెబ్‌సైట్‌కి సినిమా వార్తలు రాస్తున్నాను. రోజుకి 12 వార్తలు కొట్టాలి. సగం వేరేవాళ్లు వేసినవాటినే తిప్పి రాయడం. మొన్న శ్రీనగర్ కాలనీలో ఒక పీఆర్వో (పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్) గారి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. జీతం 20,000 అన్నారు. ఇప్పుడు వస్తున్నదానికంటే 2,000 తక్కువ.

నాన్న ఫోన్లో "పీఆర్వో అంటే ఏం పనమ్మా, హీరోల వెనకాల తిరగడమా?" అని అడిగారు. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. రోజూ ఆ ఆఫీసుల నుంచి వచ్చే ప్రెస్ నోట్లతోనే నా పని నడుస్తోంది, అయినా అక్కడ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. రోజువారీ పని ఎలా ఉంటుంది? పదేళ్ల తర్వాత ఈ దారి ఎటు తీసుకెళ్తుంది? రాత్రిళ్లు ఈవెంట్లుంటాయి కదా, అమ్మాయిలకి ఎలా ఉంటుంది? సినిమా కాకుండా ఇదే పనికి ఇంకా ఎక్కడ చోటుంది? చేసినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు. వచ్చే సోమవారంలోగా నేను వాళ్లకి మాట చెప్పాలి.

శ్రీధర్_కృష్ణానగర్

మేఘన గారూ, నేను 17 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. అంతకు ముందు ఆరేళ్లు ఒక సినీ వారపత్రికలో రిపోర్టర్‌ని. మా తరంలో దాదాపు అందరూ పత్రికల నుంచి వచ్చినవాళ్లే.

మీ నాన్నగారికి ఇలా చెప్పండి. యాడ్ అంటే డబ్బిచ్చి పేపర్లో చోటు కొనుక్కోవడం. పీఆర్వో చేసేది, డబ్బివ్వకుండా పేపరువాళ్లు తమంతట తామే వేసుకునేటట్టు వార్తను తయారు చేసి అందించడం. సినిమా ఆఫీసుల్లో ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి కాబట్టి జనం రెండింటినీ కలిపేస్తారు.

పని ముహూర్తంతో మొదలవుతుంది. క్లాప్ ఎవరు కొట్టారు, కెమెరా స్విచ్చాన్ ఎవరు చేశారు, తొలి షాట్‌కి గౌరవ దర్శకత్వం ఎవరు వహించారు, స్క్రిప్ట్ ఎవరి చేతుల మీదుగా అందించారు. ఈ పేర్లలో ఒక్కటి తప్పినా మర్నాడు పొద్దున్నే నిర్మాత నుంచి ఫోన్ వస్తుంది. ఆ తర్వాత షూటింగ్ నడిచే నెలలు నెమ్మదిగా ఉంటాయి. షెడ్యూల్ పూర్తయిందని ఒక నోట్, హీరో పుట్టినరోజుకి ఒక పోస్టర్, అంతే. ఆ ఖాళీలోనే మీరు సెట్‌కి వెళ్లి నాలుగు మాటలు పోగేసుకోవాలి. ఛాయాగ్రాహకుడు ఏం కష్టపడ్డాడు, ఆర్ట్ డైరెక్టర్ ఆ ఇల్లు ఎలా వేశాడు. రిలీజ్ ముందు పేపరువాళ్లు "కొత్తగా ఏముందండీ?" అని అడిగినప్పుడు ఇవే అక్కరకొస్తాయి. అప్పుడు వెతుక్కుంటే దొరకవు.

రిలీజ్‌కి నలభై, యాభై రోజుల ముందు నుంచి మీకు ఆదివారం ఉండదు. గ్లింప్స్, టీజర్, లిరికల్ పాటలు, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్. ఒకప్పుడు ఆడియో ఫంక్షన్ అనేవాళ్లం. పాటలు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్లోకి రావడం మొదలయ్యాక దాని చోటులోకి ప్రీ రిలీజ్ వచ్చింది. టీజర్ ఎప్పుడు వదలాలో నిర్ణయించడం కూడా మన పనే. ఆ రోజు ఇంకో పెద్ద హీరో సినిమా అప్‌డేట్ ఉందా, ఎన్నికల ఫలితాలా, క్రికెట్ ఫైనలా, అన్నీ చూసుకోవాలి.

అన్నిటికంటే కష్టమైంది ఇంటర్వ్యూల రోజు. పొద్దున 10కి హీరో కూర్చుంటాడు. ప్రింట్ వాళ్లందరికీ కలిపి ఒక రౌండ్ టేబుల్, వెబ్ వాళ్లకి ఇంకోటి, తర్వాత టీవీ ఛానళ్లు ఒక్కొక్కటి పది నిమిషాలు, ఆపైన యూట్యూబ్ వాళ్లు. సాయంత్రానికి అదే ప్రశ్నకి 30వ సారి జవాబు చెప్పి మనిషి అలసిపోతాడు. ఎవరిని ముందు పంపాలి, ఎవరికి విడిగా సమయం ఇవ్వాలి, ఎవరు నొచ్చుకుంటారు, ఇవి ఏ కోర్సులోనూ నేర్పరు. భోజనం ముందు గంటలో చిన్న పత్రికలవాళ్లని కూర్చోబెడతాను నేను. అప్పుడు హీరో ఇంకా తాజాగా ఉంటాడు, మంచి మాటలు వాళ్లకి దక్కుతాయి. పెద్ద పేపర్లకి ఎలాగూ విడిగా దొరుకుతాయి.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. సొంతంగా సినిమాలు ఒప్పుకునే రోజు వచ్చాక, బాకీ అంతా ప్రీ రిలీజ్ లోపలే తీసుకోవాలి. సినిమా ఆడితే అందరూ సంబరాల్లో ఉంటారు, ఆడకపోతే ఎవరూ ఫోన్ ఎత్తరు. రెండు రకాలుగానూ పోగొట్టుకున్నాను.

రాత్రిడెస్క్

ఒక దినపత్రికలో సినిమా పేజీ చూస్తాను. అవతలి వైపు నుంచి కొంచెం చెబుతాను.

రోజుకి మాకు 60, 70 ప్రెస్ నోట్లు వస్తాయి. పేజీలో పట్టేవి ఏడో ఎనిమిదో. చాలా నోట్లు ఇలా మొదలవుతాయి: "ప్రేక్షకుల గుండెల్లో చిరస్థాయిగా నిలిచిపోయేలా, భారీ తారాగణంతో, అత్యంత ప్రతిష్ఠాత్మకంగా, ఎక్కడా రాజీ పడకుండా…" నాలుగు లైన్లు చదివినా ఏం జరిగిందో తెలియదు. అదే నోట్ అడుగున ఎక్కడో "అరకులో 22 రోజుల షెడ్యూల్ ముగిసింది, సంతలో స్థానికులతో కలిసి ఒక పాట తీశాం" అని ఉంటుంది. వార్త అది! దాన్ని మొదటి వాక్యంలో పెట్టండి. మిగతా విశేషణాలన్నీ మేం ఎలాగూ కొట్టేస్తాం. కొట్టేసే పని మాకు మిగల్చకుండా పంపేవాళ్ల నోట్ ముందు తెరుస్తాం. ఇందులో దాపరికం ఏమీ లేదు.

రెండోది ఫాంట్. ఇప్పటికీ కొన్ని ఆఫీసుల నుంచి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన ఫైళ్లు వస్తాయి. డీటీపీ వాళ్లకి అదే అలవాటు. మా సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలు. వెబ్ వాళ్లకి అసలే పనికిరావు. యూనికోడ్‌లో టెక్స్ట్ పంపండి, పక్కన చూసుకోవడానికి పీడీఎఫ్ పెట్టండి. ప్రెస్ నోట్‌ని ఫొటో తీసి పంపితే మొత్తం మళ్లీ టైపు చేసుకోవాలి. రాత్రి ఏడింటికి ఎవరూ చేయరు.

మూడోది ఫొటోలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి అచ్చులో మసకగా వస్తుంది. డ్రైవ్ లింకు ఇవ్వండి, ఫైలు పేరులోనే ఎవరెవరున్నారో ఎడమ నుంచి కుడికి రాయండి. ముంబై నుంచి కొత్త హీరోయిన్ వస్తే ఆమె పేరు ఐదు పేపర్లలో ఐదు రకాలుగా పడుతుంది. తప్పు మాది కాదు, నోట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రమే ఉంటుంది. ఆ అమ్మాయినే అడిగి, ఎలా పలకాలో విని, తెలుగులో రాసి పంపండి. ఇంత చిన్న పని చేసే పీఆర్వోలు నాకు తెలిసి ముగ్గురే.

సమయం: మధ్యాహ్నం మూడింటికి వచ్చిన నోట్‌కి ఉన్న అవకాశం ఆరింటికి వచ్చినదానికి ఉండదు.

మేఘన_తెనాలి

శ్రీధర్ గారూ, రాత్రిడెస్క్ గారూ, చాలా థాంక్స్. సగం రాసుకున్నాను. ఆ "చిరస్థాయిగా" నోట్లు నాకూ రోజూ వస్తాయి, నేను అలాగే అతికించి వేసేస్తున్నాను, సిగ్గుగా అనిపించింది. ఇంకో మాట. ఈ పని మన దగ్గర ఎప్పటి నుంచి ఉంది? ముందు తరం వాళ్లు ఎలా ఎదిగారు?

గోదారిగట్టు

దీని గురించి నేను చెబుతాను, పాత పాటల పుస్తకాలు పోగేసే అలవాటుంది నాకు.

పీఆర్వో అనే మాట లేకముందే పని ఉంది. రిక్షాకి రెండు వైపులా బోర్డులు కట్టి మైకులో "నేడే చూడండి" అని ఊరంతా తిప్పేవాళ్లు, కరపత్రాలు విసిరేవాళ్లు, వెనక పిల్లలం పరుగెత్తేవాళ్లం. హాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవాళ్లు. అందులో కథ సగం రాసి "మిగతాది వెండితెరపై చూడండి" అని ఆపేసేవాళ్లు. ఆ సగం కథ ఎక్కడ ఆపాలో తెలిసినవాడు గట్టి ప్రచారకర్తే అని నా అభిప్రాయం.

మన పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడు అక్కడ ఫిలిం న్యూస్ ఆనందన్ గారని ఉండేవారు. మొదట ఫొటోగ్రాఫర్. 1958లో ఎంజీఆర్ సొంత సినిమాకి స్టిల్స్ పత్రికలకి అందించే పని చేపట్టి, తమిళ సినిమాలో తొలి పీఆర్వోగా పేరు పొందారు. వచ్చిన ప్రతి సినిమా వివరాలూ రాసిపెట్టుకున్నారు. ఆ సేకరణని తర్వాత తమిళనాడు ప్రభుత్వం తీసుకుంది. ఆయన 2016లో కన్నుమూశారు.

తెలుగులో బి.ఎ. రాజు గారి పేరు చెప్పకుండా ఈ మాట ముగియదు. సూపర్‌స్టార్ కృష్ణ గారి దగ్గర పీఆర్వోగా మొదలుపెట్టారు. పత్రికల్లో రాశారు. భార్య బి. జయ గారితో కలిసి సూపర్‌హిట్ పత్రిక నడిపారు, సినిమాలు నిర్మించారు, వాటిలో కొన్నింటికి ఆమె దర్శకత్వం వహించారు. 2021 మే 21న ఆయన పోయినప్పుడు పెద్ద హీరోల దగ్గర్నుంచి చిన్న వెబ్‌సైట్ కుర్రాళ్ల దాకా అందరూ ఒకేలా బాధపడ్డారు. పాత సినిమా ఎన్ని రోజులు ఆడింది, ఎక్కడ ఆడింది అని ఎవరికి సందేహమొచ్చినా ఆయనకే ఫోన్. మీరడిగిన 'దారి ఎటు పోతుంది'కి ఆయన జీవితమే ఒక జవాబు: పీఆర్వో, రిపోర్టర్, పత్రికాధిపతి, నిర్మాత.

పోస్టర్ల వైపు చూస్తే ఈశ్వర్ గారు. పాలకొల్లు మనిషి. 1967లో బాపు గారి తొలి సినిమాతో పబ్లిసిటీ డిజైన్ మొదలుపెట్టి దశాబ్దాల పాటు గీశారు. మా ఊరి గోడల మీద నేను చూసిన అక్షరాలు ఎన్నో ఆయనవే. ఆయన కూడా 2021లోనే వెళ్లిపోయారు. పోస్టర్ మీద పేరు రాసే తీరు కూడా ప్రచారంలో భాగమేనని కొత్తవాళ్లు గుర్తుపెట్టుకుంటే బాగుండును.

సాగరతీరం

అమ్మా మేఘనా, నేను సమాచార పౌర సంబంధాల శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నువ్వడిగిన చివరి ప్రశ్నకి జవాబిస్తాను. ఈ పనికి సినిమాలోనే కాదు, ప్రభుత్వంలోనూ చోటుంది. జిల్లాకో డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఉంటాడు. కలెక్టర్ గారి సమీక్షలు, మంత్రుల పర్యటనలు, పథకాల ప్రచారం, జర్నలిస్టుల అక్రెడిటేషన్ కార్డులు, అన్నీ ఆ ఆఫీసు నుంచే. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇస్తే భర్తీ అవుతాయి. కానీ అది ఏళ్లకొకసారి మాట, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. కేంద్రంలో అయితే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ (ఐఐఎస్). సివిల్స్ రాసిన వాళ్లలోంచి గ్రూప్ ఎ అధికారులు వస్తారు. ఢిల్లీ ఐఐఎంసీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) శిక్షణ, ఆ తర్వాత పీఐబీ (ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో), ఆకాశవాణి, దూరదర్శన్ వార్తా విభాగాల్లో పోస్టింగులు.

ఇందులో ఏముంది, రిబ్బన్ కట్ చేసిన ఫొటోలేగా అనుకోకు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. మధ్యాహ్నానికి కరెంటు లేదు, ఫోన్లు లేవు, టీవీలు లేవు. ఊరు ఊరంతా చీకటి. అంతవరకు నా పనిముట్లన్నీ ఫ్యాక్సు, మెయిలు, ఎస్సెమ్మెస్. ఒక్కటీ పనిచేయదు. మంచినీళ్ల ట్యాంకర్ ఏ వార్డుకి ఎప్పుడొస్తుందో, పాలప్యాకెట్లు ఎక్కడిస్తారో కంట్రోల్ రూంలో కాగితం మీద ఉంది, కానీ జనానికి తెలిసే దారి లేదు.

మర్నాడు పొద్దున చేత్తో ప్రకటన రాశాను. కార్బన్ పేపర్లు పెట్టి ఆరు కాపీలు. రోడ్ల నిండా పడిపోయిన చెట్లు. స్కూటర్ పోదు. మహారాణిపేట నుంచి సీతమ్మధార దాకా నడుచుకుంటూ వెళ్లి పత్రికాఫీసులకి ఇచ్చాను. ఆ తర్వాత నాకు తోచింది, రేపటి పేపరు కోసం ఆగితే దాహానికి ఈరోజు నీళ్లెలా? డీజిల్ ఉన్న ఆటోలు వెతికి, పెళ్లిళ్లకి మైకులిచ్చే అతన్ని నిద్రలేపి, బ్యాటరీతో నడిచే సెట్లు కట్టించి వార్డుల్లో తిప్పాం. ఒక వీధిలో పెద్దావిడ మా ఆటోకి అడ్డంగా నిలబడి "ఇంకోసారి చెప్పు నాయనా, రాసుకుంటా" అని బొగ్గుతో గోడ మీద ట్యాంకర్ సమయం రాసింది. అది చూసి మిగతా వీధుల్లో మేమే గోడల మీద రాయించాం. నా 31 ఏళ్ల సర్వీసులో ఎక్కువమంది చదివిన ప్రెస్ నోట్ అదేనమ్మా.

ఇంకో చిన్న సంగతి. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958 నుంచి ఉంది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో తొలి అఖిల భారత సదస్సు జరిగింది. ఆ రోజు గుర్తుగానే ఏటా ఏప్రిల్ 21న పబ్లిక్ రిలేషన్స్ దినోత్సవం. హైదరాబాద్‌లో వాళ్ల సమావేశాలకి వెళ్తూ ఉండు. బ్యాంకుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఈ పని చేసేవాళ్లు పరిచయమవుతారు.

స్వప్న_కరీంనగర్

మేఘనా, నేను తొమ్మిదేండ్ల సంది హైదరాబాద్‌ల పీఆర్ ఏజెన్సీల చేస్తున్న. సినిమా కాదు, కార్పొరేట్. మందుల కంపెనీలు, దవాఖానలు, స్టార్టప్‌లు. మాదాంట్ల మెట్లు ఉంటయి. అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌గా చేరుతవు, సీనియర్, మేనేజర్, డైరెక్టర్. నడుమల ఎవరన్న క్లయింటు నచ్చి తీస్కుంటే కంపెనీలనే కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌ల కుదురుకుంటవ్. జీతం నెలకు టైంకు పడతది. సినిమాల ఉన్న ఉరుకులాట ఉండదు, గంత పేరు కూడా రాదు.

పని ఏమంటే, ఏ రిపోర్టర్ ఏం రాస్తడో తెలుసుకొని ఆయనకు పనికొచ్చే ముచ్చట చెప్పుడు. అందరికి ఒక్కటే మెయిల్ కొడితే ఎవరూ సూడరు. నెలాఖరుకు క్లిప్పింగులు ఏరి రిపోర్టు చెయ్యాలె. గిదే జాగల యాడ్ ఏస్తే ఎంతయితుండెనో లెక్కగట్టి క్లయింటుకు చూపెట్టుడు మస్తు మంది చేస్తరు. 2010ల బార్సిలోనాల ఈ రంగపోళ్లు కూసొని ఆ లెక్క తప్పని తీర్మానం చేసిన్రు. అయినా క్లయింట్లు ఇప్పటికి గదే అడుగుతరు. నేనైతే ఆ కాలమ్ తీసేసి, వార్త వచ్చినంక ఎన్ని ఫోన్లు వచ్చినయి, ఎంతమంది అపాయింట్‌మెంట్ తీస్కున్నరు అని పెట్టిన. మొదట్ల క్లయింటు గునిసిండు, తర్వాత అలవాటైండు.

ఒక్కటి మాత్రం మనసులకెల్లి పోదు. ఒక దవాఖానల ఆపరేషన్ తర్వాత పేషెంటు సచ్చిపోయిండు. గేటు కాడ ఛానళ్లు. మేనేజ్‌మెంటు నన్ను పిలిచి "ఏం తప్పు జరగలేదని స్టేట్‌మెంట్ రాయ్" అన్నరు. విచారణే కాలేదు, తప్పు జరగలేదని నేనెట్ల రాయాలె? ముందుగాల డాక్టరు పోయి ఇంటోళ్లతోని మాట్లాడాలె, తర్వాతనే ప్రెస్ అన్న. రెండు గంటలు కొట్లాడిన. ఆఖరుకు "విచారణ చేస్తున్నం, రికార్డులు కుటుంబానికి ఇస్తం" అని రెండు లైన్లు ఇప్పించిన. మూడు నెలలకు ఆ అకౌంట్ మా ఏజెన్సీ చేతులకెల్లి పోయింది. నాకు బాధ లేదు.

ఆడపిల్లల సంగతి అడిగినవ్ కదా. చేరేముందే మూడు అడుగు. రాత్రి ఈవెంట్ అయినంక ఇంటికి బండి ఎవరు పెడతరు? ఆఫీసుల ఇంకెంతమంది ఆడోళ్లున్నరు? ఫిర్యాదుల కమిటీ ఉన్నదా? పనిచేసే జాగల లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలె. చిన్న ఆఫీసైతే జిల్లాల లోకల్ కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. సినిమా వాళ్లకు ఫిలిం ఛాంబర్ల కూడా ఒకటున్నది. ఇవి అడిగినందుకు మొఖం మాడ్చుకునేటోళ్ల కాడ చేరకు.

నిజం_రాయాలి

అందరూ మంచి వైపే చెబుతున్నారు. నేను ప్రేక్షకుడిగా అడుగుతున్నాను. సినిమా విడుదలైన రెండు గంటలకే "బ్లాక్‌బస్టర్" పోస్టర్ ఎవరు వేయిస్తున్నారు? డబ్బు తీసుకుని పొగిడే ట్వీట్లు ఎవరు పంచుతున్నారు? వంద రూపాయలు వస్తే మూడొందలని కలెక్షన్ పోస్టర్లు వేసేది ఎవరు? 2010లోనే ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్ మీద నివేదిక ఇచ్చింది, ఏం మారింది? ఆ అమ్మాయికి ఇది కూడా తెలియాలి కదా. మా నాన్నగారు అలాంటి పోస్టర్ నమ్మి మమ్మల్ని అందరినీ తీసుకెళ్లారు. టికెట్లు, పార్కింగ్, సమోసాలు కలిపి ఆయన రెండు రోజుల సంపాదన అది.

శ్రీధర్_కృష్ణానగర్

మీరు అడిగింది న్యాయం. జవాబు చెప్పాల్సింది నాలాంటివాళ్లే.

నేను చేశాను. ఒక్కసారి. పన్నెండేళ్ల కిందట, ఒక నిర్మాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మూడు రోజుల గ్రాస్ (మొత్తం టికెట్ల వసూలు) ఇంత అని వేయమన్నాడు. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర నేను విన్న లెక్క అందులో సగం కూడా లేదు. పాప పుట్టి నెల అయింది, ఆయన దగ్గర నాకు బాకీ ఉంది. వేశాను. మర్నాడు ఒక ట్రేడ్ రిపోర్టర్ ఫోన్ చేశారు. అప్పటికి నాకు పదేళ్ల స్నేహితుడు. "శ్రీధర్, ఈ లెక్క నువ్వు నమ్ముతున్నావా?" అని ఒక్కటే అడిగారు. నేను "ఆఫీసు ఇచ్చిందండీ" అన్నాను. "నేను ఆఫీసుని అడగలేదు" అని పెట్టేశారు. ఆ తర్వాత రెండేళ్లపాటు నేను చెప్పిన ఏ వార్తనైనా ఆయన ఇంకో ఇద్దరిని అడిగాకే వేశారు. నిజమైన వార్తలు కూడా. ఆ బాకీ నాకు ఎలాగూ రాలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది: కలెక్షన్ పోస్టర్ వేయాలంటే నిర్మాణ సంస్థ తన ఖాతాలో తనే వేసుకోవాలి, నా నోట్‌లో, నా పేరు మీద అంకె వెళ్లదు. ఇది వినగానే రెండు సంస్థలు నన్ను వద్దన్నాయి. డబ్బిచ్చి చేయించే పోస్టు అయితే అది ప్రకటన అని రాయించాలని పట్టుబడతాను. 2021లో ఏఎస్‌సీఐ, అంటే ప్రకటనల రంగం తనకి తానే పెట్టుకున్న నియంత్రణ సంస్థ, ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు పెట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. సినిమా వాళ్లకి ఇదంతా ఎవరో వేరేవాళ్ల కోసం అనిపిస్తుంది. పేమెంట్ ట్వీట్లు ఆగిపోయాయని నేను చెప్పను. ఆగలేదు.

రివ్యూల గురించి కూడా. బాగోలేదని రాసిన విలేకరికి ఫోన్ చేసి మార్చమని అడగడం నేను మానేశాను. కథలో జరగనిది జరిగిందని రాస్తే, పేరు తప్పు పడితే అడుగుతాను. అభిప్రాయం ఆయనది.

మేఘన గారూ, ఇంకో ముఖ్యమైన విషయం రాయడం మర్చిపోయాను. జనం గుమిగూడే చోట ప్రచారం అంటే ప్రాణాలతో పని. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. ఆ రాత్రి నుంచి నాకు ఏ ఈవెంట్‌కి వెళ్లినా మొదట గేట్లే కనిపిస్తాయి. హీరో ఎక్కడికొస్తున్నా పోలీసు అనుమతి కాగితం నా కళ్లతో చూడనిదే సమయం, చోటు ఎక్కడా పోస్టు చేయను. "అందరూ వస్తారు, హైప్ వస్తుంది, పెట్టేయండి" అని మిమ్మల్ని తొందర పెడతారు. మీరు జూనియర్ అయినా సరే, ఆ కాగితం అడగండి.

డాలస్_రవీంద్ర

నేను అమెరికాలో ఉంటాను, కొన్ని తెలుగు సినిమాల షోలకి ఇక్కడ ప్రచారంలో సాయం చేశాను. హాలీవుడ్‌లో ఈ పని ముక్కలుగా విడిపోయి ఉంటుంది. షూటింగ్ జరిగినన్నాళ్లు సెట్‌లో ఉండి నోట్స్, ప్రెస్ కిట్ తయారుచేసే యూనిట్ పబ్లిసిస్టు వేరు, స్టూడియోలో విడుదల చూసేవాళ్లు వేరు, నటుడికి సొంతంగా పనిచేసే పబ్లిసిస్టు వేరు, అవార్డుల ప్రచారం చేసేవాళ్లు వేరు. వాళ్లకి యూనియన్ ఉంది. పబ్లిసిస్టుల గిల్డ్ 2002లో ఛాయాగ్రాహకుల గిల్డ్‌తో, అంటే లోకల్ 600తో కలిసింది. మన దగ్గర ఈ నాలుగు పనులూ శ్రీధర్ గారొక్కరే చేస్తున్నారు.

అవార్డుల ప్రచారం ఎంత దూరం తీసుకెళ్తుందో ఆర్ఆర్ఆర్ విషయంలో దగ్గర నుంచి చూశాం. 2022 మార్చి 25న విడుదలైంది. మనవాళ్లు చూశారు, అయిపోయింది అనుకున్నాం. జూన్ 1న ఇక్కడి డిస్ట్రిబ్యూటర్లు ఒక రాత్రి కోసం వందకి పైగా హాళ్లలో మళ్లీ వేశారు, ఈసారి తెలుగు రాని ప్రేక్షకుల కోసం. అక్కడి నుంచి కథ మారింది. భారతదేశం ఆస్కార్‌కి అధికారికంగా గుజరాతీ సినిమాని పంపింది. అయినా వీళ్లు ఆగకుండా మిగతా విభాగాల్లో సొంతంగా పోటీకి పెట్టారు. షోలు వేయడం, దర్శకుడిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించడం, ఓటున్నవాళ్లు పెద్ద తెర మీద చూసేలా చేయడం, నెలల తరబడి ఇదే. 2023 మార్చి 12న పాటకి ఆస్కార్ వచ్చింది. పాట గొప్పదే, చంద్రబోస్ గారు, కీరవాణి గారు గొప్పవాళ్లే. కానీ ఓటు వేసేవాళ్ల చెవిన పడితేనే కదా. నాకు ఆ రాత్రి పేరు తెలియని ఆ ప్రచారం మనుషుల మీద చాలా గౌరవం కలిగింది.

మేఘన, ఇంగ్లీషులో కూడా ప్రెస్ నోట్ రాయడం నేర్చుకో అమ్మా. ఇప్పుడు తెలుగు సినిమా వార్త ఒక్క తెలుగులోనే ఆగదు.

అచ్చుపుస్తకం

చిన్న మాట. మేం తెలుగు పుస్తకాలు వేస్తాం. మాకు పీఆర్వో అంటూ ఎవరూ లేరు, రచయితే ఫేస్‌బుక్‌లో పెట్టుకోవాలి. విజయవాడ పుస్తక మహోత్సవానికో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో ముందు నెల రోజులు సరిగ్గా పనిచేసే మనిషి దొరికితే మేం నలుగురైదుగురు ప్రచురణకర్తలం కలిసి జీతం ఇస్తాం. పుస్తకం చదివి, అందులో ఏ పేజీ ఏ సంపాదకుడికి నచ్చుతుందో చెప్పగలిగితే చాలు. మీకు ఖాళీ దొరికితే ఇక్కడే మెసేజ్ పెట్టండి, నిజంగానే అడుగుతున్నాను.

మేఘన_తెనాలి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న వెళ్లి మాట్లాడి వచ్చాను. స్వప్న అక్క చెప్పిన మూడూ అడిగాను. ఆఫీసులో ఏడుగురే, కమిటీ లేదు. కానీ రాత్రి పది దాటితే క్యాబ్ ఆఫీసు ఖర్చే అని కాగితం మీద రాసిచ్చారు, ఇద్దరు అమ్మాయిలు నాలుగేళ్లుగా చేస్తున్నారు, వాళ్లతో విడిగా మాట్లాడాను. కలెక్షన్ అంకెల గురించి అడిగితే సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీ చేత రాయించను" అన్నారు. ఎవరి చేత రాయిస్తారో అడగాలనిపించింది, ధైర్యం చాల్లేదు. ఒక ఏడాది చేసి చూద్దామని ఒప్పుకున్నాను. ఐఐఎస్ సంగతి కూడా మనసులో పెట్టుకున్నాను సాగరతీరం బాబాయ్ గారూ. నాన్నకి మీ హుద్‌హుద్ పోస్టు చదివి వినిపించాను. "ఇది పనేనమ్మా" అన్నారు.

శ్రీధర్_కృష్ణానగర్

ఆ ప్రశ్న మూడు నెలలయ్యాక అడగండి. అప్పటికి ఆయనకి మీ పని తెలిసి ఉంటుంది.

మేఘన_తెనాలి

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. నిన్న నా మొదటి ముహూర్తం. క్లాప్, స్విచ్చాన్, గౌరవ దర్శకత్వం పేర్లన్నీ రాసుకున్నాను. ఫొటోలకి ఎడమ నుంచి కుడికి పేర్లు పెట్టాను. నోట్ మొదటి వాక్యంలో వార్త పెట్టాను, రెండు నలభైకి పంపాను, యూనికోడ్‌లోనే. పంపిన అరగంటకి చూసుకుంటే సహ నిర్మాత గారి ఇంటిపేరులో 'ళ' బదులు 'ల' పడింది. కడుపులో చేయి పెట్టి దేవినట్టయింది. 11 డెస్కులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఈ రోజు పేపర్లు తిరగేస్తే తొమ్మిదింటిలో సరిగ్గా ఉంది.

రాత్రిడెస్క్

ఆ మిగతా రెండింటికీ ఈ రోజు మళ్లీ ఫోన్ చేసి, ఆన్‌లైన్ ఎడిషన్‌లో మార్చమని అడగండి. మధ్యాహ్నం పన్నెండు లోపు అయితే చేస్తారు.